ఉద్దేశంలో ప్రథముడు

కూర్చున్న కుర్చీలోంచి లేవని ఒక గుమాస్తా, కదలాలనే ఉద్దేశంలో మానవజాతికే ప్రథముడిగా నిలిచాడని పరిశోధనశాల వారు సహర్షంగా ప్రకటించారు.

వీధిలో ఆయన్ని ఇదిగోగారంటారు. భార్య ఏ పని చెప్పినా "ఇదిగో, లేస్తున్నా" అంటాడు. ఆ మాట అనడంలో ఏనాడూ ఆలస్యం చేయలేదు.

ఒకనాడు ఆవిడ పెట్టె సర్దింది.

"మీకు నిజంగా లేవాలని ఉందా, వట్టి నోటిమాటేనా? నోటిమాటే అయితే మా అన్నయ్య ఇంటికి పోతా."

"ఎంతమాట! మనసులో ఎప్పుడో లేచానే!"

"పరిశోధనశాలలో మనసు చూసే మిషనుందట. పదండి."

ఇదిగోగారు లెక్క వేసుకున్నాడు. ఆవిడ పోతే ఇల్లు నడవదు, తానెలాగూ నడవడు. రెక్క పట్టి ఆవిడే బండెక్కించింది.

అక్కడ కత్తి లేదు, సూది లేదు. నెత్తిమీద ఎనిమిది అంకెలాంటి తీగచుట్ట పెట్టి టిక్కుమనిపిస్తారు. అది మెదడులో చేతిని ఆడించే చోటును తడుతుంది. బొటనవేలు ఎగురుతుంది. ఆ క్షణాన మనిషి చెయ్యి కదపాలనుకుంటూ ఉంటే మరింత ఎగురుతుంది. ఎంత ఎగిరితే అంత ఉద్దేశం.

"దీపం వెలగగానే మీట నొక్కండి," అన్నాడు శాస్త్రవేత్త.

దీపం వెలిగింది. టిక్కు. బొటనవేలు ఎగిరిన ఎగురుకు తెరమీది గీత తెర దాటిపోయింది. మీట మాత్రం అలాగే ఉంది.

"నొక్కరేం సార్?"

"ఇదిగో, నొక్కుతున్నా."

శాస్త్రవేత్త కళ్లు చెమర్చాయి. పని కలవని ఇంత స్వచ్ఛమైన ఉద్దేశాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు.

ముచ్చటపడి ఆవిడనూ కూర్చోబెట్టారు. దీపం వెలిగీ వెలగకముందే మీట నొక్కేసింది. టిక్కుమనడానికి సందే దొరకలేదు.

"క్షమించాలమ్మా, మీలో ఉద్దేశం కనబడలేదు."

"పనైపోయింది కదయ్యా!"

"అదేనమ్మా మీ లోపం."

వెంటనే సన్మానం ఏర్పాటైంది. నగరాధ్యక్షుడు గంభీరంగా ఉపన్యసించాడు: "పౌరులారా! చేసిన పని ఏదో ఒకనాడు పాడవుతుంది. ఉద్దేశం పాడవదు. మన వంతెననే చూడండి. కట్టలేదు కనుకనే ఇంతవరకు కూలలేదు!"

సభ చప్పట్లు కొట్టాలనుకుంది.

పతకం అందుకోవడానికి ఇదిగోగారు లేవాలి. ఎదురుచూసి ఎదురుచూసి, భార్యే వేదికెక్కి పతకం తెచ్చి ఆయన మెడలో వేసింది. వెంట తెచ్చుకున్న పెట్టె చేతిలోకి తీసుకుంది.

"ఉద్దేశం ఉందని తేలిందిగా! మళ్లీ పెట్టెందుకే?"

"అది లేదని తేలితే, ఎప్పటికైనా కలుగుతుందని ఆశపడేదాన్ని. ఇంతుండీ లేవరని తేలింది. ఇంకేం ఆశ?"

ఆవిడ వెళ్లిపోయింది. వెంట పరుగెత్తి కాళ్లు పట్టుకోవాలని ఆయన మనసు కొట్టుకుంది. శాస్త్రవేత్త తీగచుట్టతో వచ్చి కొలిచాడు. పాత రికార్డు బద్దలైంది. సభ హర్షించింది.

"అంత ఉద్దేశమున్న మొగుణ్ణి వదిలిపోతుందా, ఎంత గుండెధైర్యం!" అని వీధి తీర్పు చెప్పింది.

ఆవిడ పక్షాన ఒక్క మాట అనాలని ఇది చదువుతున్న మీకూ అనిపించే ఉంటుంది. చాలు. మీ బొటనవేలు బాగానే ఎగిరింది.