మోటారు సారు

ఉదయం ఎనిమిదికల్లా ఇంటిపని ముగించుకుని, తొమ్మిదికి ఫ్యాక్టరీలో పంపు బిగించడానికి వెళ్ళాలన్నది ఆమె ఆనాటి ఆలోచన. ఆమె మోటారు మెకానిక్. భర్త దర్జీ; ఇంట్లోనే కుడతాడు. కుట్టుమిషను ఆవిడదనీ, గుమ్మం దగ్గరి పానాల సంచి ఆయనదనీ అపార్టుమెంటంతా ఎవరినీ అడక్కుండానే తీర్మానించేసుకుంది.

ఆ రోజు కుళాయిలో చుక్క రాలేదు. కింద మోటారు తిరుగుతోంది గానీ నీళ్ళు ఎక్కడం లేదు. ఆ చప్పుడు వినగానే ఆమెకు సంగతి అర్థమై వాట్సాప్ గ్రూపులో రాసింది.

"పంపులోకి గాలి దూరింది. వెంటనే ఆపండి. ఇలాగే తిప్పితే మోటారు కాలిపోతుంది."

"కంగారు పడకమ్మా. ఇంకో గంట తిప్పి చూద్దాం," అని సెక్రటరీ రాశాడు.

"ఇలాంటివి మీవారిని కనుక్కుని రాయాలమ్మా," అని రిటైరైన హెడ్మాస్టరు హితవు చెప్పాడు.

పదిహేనేళ్ళుగా మోటార్లు విప్పుతున్న మనిషికి ఒళ్ళు మండింది, కాస్త ఏడుపూ వచ్చింది. మోటారు కాలితే నలభై ఇళ్ళకు నీళ్ళుండవు. భర్త ఫోను లాక్కుని, పొల్లు పోకుండా అదే మళ్ళీ రాసింది.

రెండు నిమిషాల్లో మోటారు ఆగింది. "సమయానికి చెప్పారు సార్," అన్నాడు సెక్రటరీ.

"మిగతాది సాయంత్రం వచ్చి చూస్తానండీ," అని భర్తతో చెప్పి, ఆ మంటలో ఆయన ఫోనే సంచిలో వేసుకుని ఆమె వెళ్ళిపోయింది.

పది నిమిషాలకు జనం వచ్చి దర్జీని మోటారు గదికి పట్టుకుపోయారు. మెడలో టేపు అలాగే ఉంది.

"చూశారా, కొలతలు లేనిదే సారు పని మొదలుపెట్టరు," అన్నాడు సెక్రటరీ.

"నేను దర్జీనండీ. మోటార్లు మా ఆవిడ పని."

"నిండుకుండ తొణకదు," అన్నాడు హెడ్మాస్టరు.

దర్జీ పక్కకు తిరిగాడు. భార్య చూస్తుందని, చేతిలో మిగిలిన ఆమె ఫోనులోంచి గ్రూపులోనే రాశాడు: "నాకు మోటార్ల గురించి ఏమీ తెలియదు. ఏం చేయాలి?"

హెడ్మాస్టరు పైకి చదివాడు. "ఇదిగో, మీ ఆవిడ తెలియదని ఒప్పేసుకుంది. మిమ్మల్నే అడుగుతోంది."

అంతలో దర్జీ పేరుతో జవాబు వచ్చింది: "పై మూత విప్పి, బుడగలు ఆగేదాకా నీళ్ళు పొయ్యాలి. మూత బిగించి స్విచ్ వెయ్యాలి."

"సారు చేతులు కట్టుకుని నిలబడే జవాబిచ్చారే," అన్నాడు సెక్రటరీ.

"ముందే రాసిపెట్టుకుని ఉంటారు," అన్నాడు హెడ్మాస్టరు. తాగే నీళ్ళ క్యాను తెచ్చి ఆయనే పోశాడు. ఈసారి నీళ్ళు జోరుగా ఎక్కాయి.

సెక్రటరీ గ్రూపులో సారుకు కృతజ్ఞతలు చెప్పాడు. ఫ్యాక్టరీలో అది చదివి ఆమె ఉండబట్టలేక, భర్త ఫోనులోంచే నిజం రాసింది: "చెప్పింది నేను కాదు, నా భార్య."

"భార్యకు పేరు కట్టబెట్టే మగాడు నూటికొక్కడు," అన్నాడు హెడ్మాస్టరు. దానికింద ఇరవై ఏడు చప్పట్ల బొమ్మలు పడ్డాయి.

సాయంత్రం ఇద్దరూ అది చదువుకుని కడుపు పట్టుకుని నవ్వారు. మర్నాడు ఆయన నంబరుకు మూడు మోటార్లు చూడమని కబురొచ్చింది. ఆమె నంబరుకు, తీరిగ్గా ఉంటే కర్టెన్లు కుట్టి పెట్టమని. ఆమె కాసేపు ఆలోచించి తన ఫోను భర్త ముందు పెట్టి, ఆయన ఫోను సంచిలో వేసుకుంది.

అప్పటినుంచి ఎవరి పని వారికే వస్తోంది.