ముప్పై రాత్రుల కార్డు

పదింటికి కార్డు ఇవ్వాలి, పదకొండింటికి డాక్టరు సంతకం తీసుకోవాలి, పన్నెండింటికి ఇంటికొచ్చి భోంచేయాలి, రెండింటికి ఏడో నంబరు బస్సు తీయాలి. ఆ ఉదయం డ్రైవరుగారు వేసుకున్న ప్రణాళిక ఇంతే. నెల రోజులుగా బీరువాలో పడి ఉన్న యూనిఫారం చొక్కాను, లాండ్రీలో పనిచేసే భార్య ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ మడతల అంచుతో కూరగాయలు తరగవచ్చు.

ఇరవై రెండేళ్లు బస్సు నడిపి ఒక్క సైకిలుకు కూడా గీత పెట్టని మనిషి ఆయన. అలాంటివాడు నెల కిందట, ఏటా జరిగే వైద్య పరీక్షలో దొరికిపోయాడు. నిజానికి పరీక్షలో కూడా కాదు, తన వంతు కోసం వరండాలో కూర్చున్నప్పుడు. బల్ల మీదే కునుకు తీసి గురక పెడితే, లోపల ఇంకొకరి గుండె చప్పుడు వింటున్న డాక్టరు స్టెతస్కోపు తీసి చెవులు తుడుచుకున్నాడట. తర్వాత ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి లెక్కపెట్టారు. నిద్రలో గంటకు ముప్పై రెండు సార్లు ఊపిరి ఆగుతోంది.

ముక్కుకు మాస్కు తగిలించి గొట్టంలోంచి గాలి పంపే మిషను ఒకటి ఇచ్చారు. "ముప్పై రాత్రుల్లో కనీసం ఇరవై ఒకటి, రాత్రికి నాలుగు గంటలకు తగ్గకుండా పెట్టుకోవాలి. ఎంతసేపు పెట్టుకున్నదీ అందులోని కార్డు రాసుకుంటుంది. అది చూశాకే బస్సు. అప్పటిదాకా పార్సిల్ ఆఫీసు" అన్నారు. కార్డు బాగాలేకపోతే ఎప్పటికీ పార్సిల్ ఆఫీసే. పెట్టెల మీద చీటీలు అంటిస్తూ, బయట ఏడో నంబరు కదిలిన చప్పుడు విని "రెండో గేరు తొందరపడి వేశాడు" అని లోలోపల నొచ్చుకుంటూ నెల గడిపాడాయన.

మిషనుతో కాపురం మొదట్లో కుదరలేదు. "పరిగెత్తే లారీ కిటికీలోంచి తల బయటపెట్టి పడుకోమన్నట్టుంది" అన్నాడు మొదటిరోజు. నోరు తెరిస్తే గాలి నోట్లోంచి పోయేది, మూసుకుంటే పొట్టలోకి పోయేది. అన్నిటికన్నా పెద్ద అడ్డం మీసం. ఇరవయ్యో ఏట పెంచిన ఆ గుబురు మీసం మీద మాస్కు అతకదు. సందుల్లోంచి గాలి పోయి ఈల వేస్తుంది. అయినా ఆయన వదల్లేదు. ఆస్పత్రిలో కార్డులు చూసే అమ్మాయి చెప్పినట్టు, అలవాటు కావడానికి సాయంత్రం టీవీ ముందు కూడా గంటసేపు మాస్కు పెట్టుకుని కూర్చునేవాడు. వార్తలు చదివే ఆవిడ తనని చూసి జాలిపడుతున్నట్టు అనిపించేదట.

కానీ రెండోరోజు ఉదయం మిషను తెర మీద ఆరున్నర గంటలని కనిపించింది. మూడోరోజు ఏడు.

"గంటన్నరకే పీకి పారేశాననుకున్నానే" అన్నాడు ఆ సాయంత్రం భార్యతో.

"నిద్రలో మీకేం తెలుస్తుంది? మళ్ళీ పెట్టుకుని ఉంటారు" అంది ఆవిడ, పొయ్యి వైపు తిరిగి.

దాంతో ఆయనకు ఏనుగంత బలం వచ్చింది. పదోరోజు సాయంత్రం మంగలి దగ్గరికి వెళ్ళి మీసం తీయించేసుకున్నాడు. "ఏడేసి గంటలు మోస్తున్నవాణ్ణి. ఇంత దూరం వచ్చి వెంట్రుకల దగ్గర ఆగుతానా" అన్నాడు. మర్నాడు పార్సిల్ ఆఫీసులో ఆయన్నే పట్టుకుని, డ్రైవరుగారు సెలవులో ఉన్నారా అని అడిగారు.

ఆ నెలలోనే ఇంట్లో ఇంకో వింత జరిగింది. డ్రైవరుగారి తల్లి, అరవై ఎనిమిదేళ్ల పెద్దావిడ, బఠాణీలు ఒలుస్తూ ఒలుస్తూ పళ్లెంలోకే ఒరిగిపోయేంత మగతగా ఉండేది. అలాంటిది స్టూలెక్కి కిటికీ అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. తాను తెచ్చిన టానిక్ పనిచేస్తోందని కొడుకు ఇంకో సీసా తెచ్చాడు.

ముప్పై రాత్రులూ అయ్యాయి. ఆస్పత్రిలో కార్డు అమ్మాయి కార్డును కంప్యూటరులో పెట్టి కళ్ళు పెద్దవి చేసింది. "ముప్పైకి ముప్పై రాత్రులు అంకుల్. ఏడేసి గంటలు. నా దగ్గర ఇంతవరకు ఎవరికీ రాలేదు." డ్రైవరుగారి చెయ్యి గర్వంగా పై పెదవి దాకా వెళ్ళి, అక్కడేమీ లేక దిగివచ్చింది.

ఆ అమ్మాయి తెర మీద లెక్కలు కిందికి జరిపేకొద్దీ ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. లేచి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

"తెల్లవారుజామున అయిదున్నర దాటాక మీకేమవుతోందండీ?" అన్నాడు డాక్టరు.

"నిద్రపోతుంటానండీ."

"ఇది మామూలు నిద్ర కాదు. గంటకు నలభై సార్లు పైగా ఊపిరి ఆగబోతోంది. మిషను ఉన్న బలమంతా పెట్టి లాక్కొస్తోంది. రోజూ ఇదే వరస. గుండె కూడా చూడాలి. ఇవాళే చేరండి."

"రెండింటికి బస్సుందండీ."

"బస్సు సంగతి మరిచిపోండి."

డాక్టరు అక్కడే డిపో మేనేజరుకు ఫోను చేశాడు. మేనేజరు జాలిగుండె మనిషి. "పాపం, అంత ప్రాణం మీదికి వచ్చిందా" అని, ఏడో నంబరును ఇంకొకరికి రాసేస్తానన్నాడు. "ఒంటిగంటన్నర దాకా ఆగుతాను. తర్వాత డ్యూటీ చార్టు మారదు" అని కూడా అన్నాడు. డ్రైవరుగారు భార్యకు ఫోను చేసి, "నాకేదో అయిందట, చూడ్డానికి బాగానే ఉన్నాను" అన్నాడు. ఆ మాటతో ఆవిడ ఇస్త్రీ గదిలోంచి ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చింది.

డాక్టరు చెప్పిందంతా విని గోడకు ఆనుకుంది. "సార్, ఆయనకేం కాలేదు. ఆ ఊపిరి ఆయనది కాదు, నాది" అంది.

డాక్టరు కలం బల్ల మీద పెట్టేశాడు.

"మధ్యరాత్రి ఆయన మాస్కు తీసి పక్కన పడేస్తారు సార్. లేపి పెడితే మళ్ళీ తీసేస్తారు. గంటలు తక్కువైతే బస్సు పోతుంది. ఆ పార్సిళ్ల దగ్గర ఆయన మొహం చూడలేకపోయాను. అందుకని తుడిచి నేను పెట్టుకునేదాన్ని. జబ్బు నాకుంటే నన్ను చేర్చుకోండి. ఆయన్ని పంపేయండి."

"నువ్వా?" అన్నాడు భర్త. "ముప్పై రాత్రులూనా?"

"మరి ఏం చేయమంటారు?"

డాక్టరు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "మీరు ఎన్నింటిదాకా పెట్టుకునేవారు?"

"అయిదింటికి లేస్తానండీ. అయిదున్నరకు నేను బస్టాపులో ఉంటాను."

"ఈ పాడు ఊపిరి అయిదున్నర తర్వాతే మొదలవుతోంది. ఆరూ ముప్పావుకు ఆగుతోంది."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. డ్రైవరుగారు ఇంటికి ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, తెల్లారి నా మిషను ఎవరు పెట్టుకుంటున్నారు?"

"నేనేరా" అంది పెద్దావిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. "కోడలు గడప దాటేసరికి నీ మొహాన మాస్కుండదు. పెట్టబోతే చెయ్యి విసురుతావు. నీ బస్సు పోతుందని నేనే తగిలించుకుని మంచం పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. కూర్చోగానే కన్ను మూతపడేది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అంత హాయైన నిద్ర నేను పదేళ్లుగా ఎరగను."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు నాకు చెప్పావుటే?"

డాక్టరు ఫోను వైపు వంగాడు. "అమ్మా, ఇదివరకు పగలు బాగా మగతగా ఉండేదా?"

"ఉండేది బాబూ. ఇప్పుడు లేదు."

"టానిక్ తాగుతున్నావుగా" అన్నాడు కొడుకు.

"అది చేదురా. కుండీలో మొక్కకి పోస్తున్నా. మొక్క కూడా బాగానే ఉంది."

కార్డు అమ్మాయి నవ్వాపుకోలేక ప్రింటరు వెనక్కి వెళ్ళింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. "బస్సు నడిపే మనిషి కార్డు ఇది. ముగ్గురు పంచుకున్న కార్డు మీద నేను సంతకం పెట్టలేను" అన్నాడు. గడియారంలో పన్నెండూ నలభై.

డ్రైవరుగారు లేచి నిలబడ్డాడు. "పెట్టొద్దండీ" అన్నాడు. "నావి కాని గంటలతో బండెక్కను. నా వెనక యాభై మంది నిద్రపోతూ వస్తారు. వాళ్ళు నిద్రపోయేది నేను మేలుకుని ఉంటాననే కదా. పార్సిల్ ఆఫీసులోనే ఉంటాను. మా వాళ్ళని మాత్రం ఏమీ అనకండి." భార్య ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది. ముప్పై రాత్రులు తన నిద్ర పంచి ఇచ్చిన భార్య కన్నా, వచ్చిన గంటలను వద్దన్న ఆ భర్తే ఆ క్షణాన చూసేవాళ్ళకు ఒక పిసరు ఎత్తుగా కనిపించాడు.

"ఒక్క నిమిషం సార్" అంది ప్రింటరు వెనక నుంచి అమ్మాయి. "ముగ్గురి ఊపిరీ మూడు రకాలుగా ఉంది. ఎవరిది ఎక్కడ మొదలైందో గీతల్లో తెలిసిపోతోంది. అంకుల్ వాటా ఒక్కటీ విడదీస్తాను."

విడదీసింది. మొదటి తొమ్మిది రాత్రులు గంటన్నర, రెండు, రెండుంబావు. పదో రాత్రి, అంటే మీసం పోయిన రాత్రి, నాలుగు గంటల పది నిమిషాలు. అక్కణ్ణుంచి ఏ రాత్రీ నాలుగుకు తగ్గలేదు. చివరి వారం నాలుగున్నర. ముప్పైలో తొమ్మిది పోగా సరిగ్గా ఇరవై ఒకటి.

"మేమెవరమూ పెట్టుకోకపోయినా మీరు గట్టెక్కేవారన్నమాట" అంది భార్య.

"ఎక్కడ గట్టెక్కేవాణ్ణి" అన్నాడాయన. "మొదటిరోజు గంటన్నరని కనిపించి ఉంటే రెండోరోజు ఆ మిషన్ని అటకెక్కించేవాణ్ణి."

డాక్టరు ఆ లెక్క ఇంకోసారి సరిచూసుకుని, డ్రైవరుగారి వాటా మాత్రమే ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ఇక మీదట నెలనెలా కార్డు చూపించాలన్నాడు. పెద్దావిడను మర్నాడే పరీక్షకు తీసుకురమ్మని, ఆవిడకు విడిగా ఇంకో మిషను ఉండాలని రాశాడు. ఒంటిగంటా ఇరవైకి కాగితం డిపోకు చేరింది. రెండింటికి ఏడో నంబరు కదిలింది, రెండో గేరు పడాల్సినచోటే పడింది.

కాగితం ఇచ్చేముందు డాక్టరు మధ్యలో ఉన్న కోడలి గీతలను కూడా చూసి, ఇంత చక్కటి నిద్ర తాను ఈమధ్య చూడలేదని ఆవిడతో అన్నాడు. ఆ ఇంట్లో నిద్ర బాగుందని డాక్టరు మెచ్చుకున్నది ఆవిడ ఒక్కదాన్నే. పడుకోవడానికి తీరిక లేనిదీ ఆవిడ ఒక్కదానికే.