చివరి స్టాపే మీ ఇష్టం

తనకేం కావాలో మనిషికి తెలియకపోయినా ఫర్వాలేదు. రవాణా శాఖకు మాత్రం తెలిసి తీరాలి. ఈ సదుద్దేశంతోనే మా ఊరి బస్సులకు యాప్ వచ్చింది. అందులో 'దిగే స్టాపు' గడి ఖాళీగా ఉంటే యాప్ మొరాయిస్తోందని, తయారుచేసినవాళ్లు ముందే 'చివరి స్టాపు' అని నింపి పెట్టారు. (ఏదో ఒకటి ఉండాలి కదా.) అప్పటినుంచి బస్సు జనం కోరిన చోటే ఆగుతోంది. అంటే, చివర్న.

ఆస్పత్రి నర్సు ఒకావిడ డ్యూటీ ముగించుకుని, జ్వరంతో పడుకున్న కూతురి దగ్గరికి బయల్దేరింది. ఇల్లు సగం దారిలోనే. కిటికీలోంచి తన గుమ్మం వెనక్కి వెళ్లిపోతుంటే లేచి డ్రైవరు దగ్గరికి పరిగెత్తింది.

"అన్నా, ఆపన్నా! మా ఇల్లు దాటిపోతోంది!"

డ్రైవరు ఎదురుగా ఉన్న తెర చూశాడు. "చివరిదాకా అని పెట్టుకున్నారు కదమ్మా."

"నేనెప్పుడు పెట్టాను?"

"మార్చలేదంటే పెట్టుకున్నట్టేనట. నన్నేం చేయమంటారు? తలుపు కూడా యాప్ చెబితేనే తెరుచుకుంటుంది. మా ఇల్లూ మధ్యలోనే."

చివర్న దిగినవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎండలో వెనక్కి నడిచారు. ఆమె ఇల్లు చేరేసరికి పక్కింటి పిన్నిగారు పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నారు. "ఇందాకట్నుంచి నీకోసమే కలవరిస్తోందే" అన్నారావిడ.

నర్సు అప్పటికప్పుడే స్టాపు మార్చుకుంది. మర్నాడు యాప్ అప్‌డేట్ అయి, ఆమె అసలు ఇష్టాన్ని, అంటే చివరి స్టాపును, ఆమెకు తిరిగి ఇచ్చేసింది.

దాంతో ఆమె ప్రజాభీష్ట నిర్ధారణాధికారిని కలిసింది. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించారు. (మర్యాదకు లోటు లేదు.)

"ఊరంతా చివరి స్టాపే కోరుకుంటోందమ్మా. లెక్కలున్నాయి. మీరొక్కరే వేరుగా ఉన్నారు."

"ఆ ఊరంతా తిట్టుకుంటూ వెనక్కి నడిచొస్తోంది సార్!"

"అది వ్యాయామం. దానికి వేరే శాఖ ఉంది."

అయినా ఆయన ఫిర్యాదును తేలిగ్గా తీసుకోలేదు. స్వయంగా దారంతా తిరిగి చూశారు. మధ్య స్టాపుల్లో ఒక్కరూ దిగడం లేదని గమనించి, వృథా ఎందుకని వాటిని ఎత్తేశారు.

నెల తిరక్కుండానే నర్సు చివరి స్టాపు పక్కన గది అద్దెకు తీసుకుంది. పాపను చంకనేసుకుని సామాను దింపిస్తుంటే ఫోన్ మోగింది.

'మీ ఫిర్యాదు పరిష్కారమైనది. మీ అభిప్రాయం: చాలా సంతోషం. తెలిపినందుకు ధన్యవాదాలు.'

ఆమె ఇంకా ఏమీ నొక్కలేదు.