గోడ మీద వెలిగిన తెర

మంత్రిగారూ, సెక్రటరీగారూ, యాప్ సారూ, మా బడి హెడ్మాస్టరుగారూ, నా మేనకోడలిని ఫెయిల్ చేసింది మీరు నలుగురూ. పేపరు దిద్దిన మనిషిని నేనేమీ అనను. మీరిచ్చిన జవాబుల కీ ముందు పెట్టుకుని దిద్దాడాయన. అందులోంచి తల పక్కకి తిప్పితే ఆయన ఉద్యోగం ఉండదు. మీరు మాత్రం తప్పించుకోలేరు. ఆ పిల్లను ఎందుకు ఫెయిల్ చేశారో నలుగురికీ చెబుతాను. మీ గొప్పతనం ఎక్కడా ఒక్క పిసరు తగ్గకుండా చెబుతాను.

మొదట మంత్రిగారి గొప్పతనం. "మన పిల్లలకు కళ్ళున్నాయి, చూపు లేదు. ఆ చూపు ఈ ప్రభుత్వం ఇస్తుంది" అని ఆయన మైకు పట్టుకుని ప్రకటించారు. అంతకుముందు అది కంటి డాక్టర్ల పని అనుకునేవాళ్ళం. పథకం పేరు 'సమగ్ర దృశ్య మాధ్యమ సాంకేతిక అక్షరాస్యత'. బ్యానరు మీద పట్టక 'అక్షరాస్యత' స్తంభం వెనక్కి మడతపడింది. ఫోటోలు, వీడియోలు, ఫోన్లో వచ్చే బొమ్మలు, ఏది నిజం, ఏది కల్పితం, ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ఇవన్నీ లెక్కల్లో, సైన్సులో, చరిత్రలో, భాషలో, ప్రతి సబ్జెక్టులోనూ కలిపి నేర్పుతారట. ఆఖర్న ఒక పరీక్ష. అందులో పాసైతేనే ఏ టెక్నికల్ కోర్సులోనైనా సీటు.

నిజం చెప్పొద్దూ, ఆ ముక్క వినగానే నేను చప్పట్లు కొట్టాను. మా ఇంట్లో దానికో కారణం ఉంది. మా అక్క ఆస్పత్రిలో ఆయా. రోగుల్ని చక్రాల మంచం మీద ఎక్స్‌రే గదికి తోసుకెళ్ళడం ఆవిడ పని. కూతురు సెలవుల్లో వెంట వెళ్ళి, ఆ నల్ల ఫిల్ములు లైటు ముందు పెట్టి చూసే టెక్నీషియన్ వెనక నిలబడేది. అప్పట్నుంచీ ఒకటే పట్టు, ఎక్స్‌రే కోర్సులో చేరతానని. ఆ కోర్సు మంత్రిగారి కొత్త పరీక్ష వెనక ఉంది. "బొమ్మ చూడ్డమే కదా మామయ్యా, అది నాకు వచ్చు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

పథకం మా బడికి ఎలా వచ్చిందో నేను కళ్ళారా చూశాను. బడి గేటుకి ఎదురుగానే నా జిరాక్స్ కొట్టు. ప్రతి క్లాసుకీ ఒక పెద్ద డిజిటల్ తెర దిగింది. దానితోపాటు యాప్ సార్ దిగాడు. పథకానికి ఆయన కోఆర్డినేటరు. చేతిలో ఫోనూ, నోట్లో 'అప్‌లోడ్' అనే మాటా తప్ప ఆయన దగ్గర మరో సరంజామా లేదు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. రూలు ఆయనే చెప్పాడు. ప్రతి పీరియడ్‌కీ ఒక ఫోటో. ఫోటోలో టీచరు ఉండాలి, పిల్లలు ఉండాలి, వెనక తెర వెలుగుతూ, దాని మీద బొమ్మ స్పష్టంగా కనబడుతూ ఉండాలి. ఫోటో అప్‌లోడ్ అయితే పాఠం అయినట్టు. కాకపోతే కానట్టు.

ఇక్కడే వచ్చింది చిక్కు. తెర వెలిగించి ఫోటో తీస్తే తెర ఉన్నచోట తెల్లటి మంట తప్ప ఏమీ పడలేదు. యాప్ వెనక్కి తిప్పికొట్టింది, 'తెర కనబడలేదు' అని. వెలుగు తగ్గించి తీస్తే అడ్డగీతలు వచ్చాయి. మళ్ళీ వెనక్కి. కిటికీలు మూసి తీస్తే తెర వచ్చింది, పిల్లలు మాయమయ్యారు. లెక్కల మేడమ్ పాపం ఒక ఫోటోలో ఏముందో, ఏం లేదో పిల్లలచేత చెప్పించింది, పీరియడ్ మొత్తం అదే పాఠం. పిల్లలు లేచి నిలబడి పోట్లాడుకున్నారట, అంత బాగా సాగింది. ఫోటో మాత్రం అప్‌లోడ్ కాలేదు. ఆవిడ ఆరోజు పాఠం చెప్పలేదని మెమో వచ్చింది.

హెడ్మాస్టరుగారు డ్రాయింగు మాస్టారిని పిలిచారు. ఆ మాస్టారు గోడ మీద రంగులతో తెర వేశాడు. వేశాడంటే అలా ఇలా కాదు. నల్లటి అంచు, అంచు చుట్టూ లేత నీలం మెరుపు, కింద మూలన చిన్న ఎర్ర లైటు. తెరలో ఏం బొమ్మ వెయ్యాలన్నది స్టాఫ్ రూములో పెద్ద తగాదా అయింది. సైన్సాయన గుండె కావాలన్నాడు. లెక్కల వాళ్ళు త్రిభుజం అడిగారు. చరిత్ర మాస్టారు కోట లేకపోతే నా సబ్జెక్టుకి అవమానం అన్నాడు. ఆఖరికి త్రిభుజం మధ్యలో గుండె, గుండె పక్కన కోట, కోట మీద జెండా బదులు 'అ' అక్షరం. అన్ని సబ్జెక్టుల్నీ కలపమని మంత్రిగారు చెప్పింది మొట్టమొదట చేసి చూపించింది మా బడే.

ఆ గోడ ముందు తీసిన ఫోటో ఒక్కసారికే అప్‌లోడ్ అయింది. యాప్ అయిదు నక్షత్రాలిచ్చింది. అసలు తెరలకి దుప్పట్లు కప్పి స్టోర్ రూములో పెట్టారు. ఇక పొద్దున్న బెల్లు కొట్టగానే పిల్లల్ని ఆ గోడ ముందు కూర్చోబెట్టేవాళ్ళు. సైన్సాయన వచ్చి గుండె మీద వేలు పెడతాడు, ఫోటో. చరిత్రాయన వచ్చి కోట మీద పెడతాడు, ఫోటో. "కదలకండ్రా, మొహాల్లో ఆశ్చర్యం పెట్టండి" అని హెడ్మాస్టరుగారు కుర్చీ ఎక్కి డైరెక్షను. ఆశ్చర్యం సరిగ్గా రాని పిల్లల్ని వెనక బెంచీకి మార్చేవారు. నా మేనకోడలికి ఆశ్చర్యం బాగా వస్తుందని రెండో బెంచీ చివర కిటికీ పక్కన స్థిరంగా కూర్చోబెట్టారు. ఏడాదంతా ఆ పిల్ల ఆ గోడనే చూసింది.

మా బడి ఫోటో రాష్ట్రంలోకెల్లా ఉత్తమ ఫోటో అయింది. చుట్టుపక్కల హెడ్మాస్టర్లు శిక్షణ కోసం వచ్చి, గోడని తాకి చూసి, రంగుల డబ్బాల పేర్లు రాసుకుని వెళ్ళారు. కరెంటు వాడని తెర అని పొదుపు అవార్డు కూడా ఇచ్చారు. అప్పుడు మంత్రిగారు స్వయంగా వచ్చారు.

మంత్రిగారి చూపు గురించి అనుమానం ఉన్నవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. ఆయన గోడకి చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చున్నారు. నేను తలుపు దగ్గర, తెచ్చిన జిరాక్సులు పట్టుకుని నిలబడ్డాను.

"ఎంత క్లియర్‌గా ఉందయ్యా" అన్నారు మంత్రిగారు.

"లేటెస్ట్ మోడల్ సార్" అన్నాడు యాప్ సార్.

"ఏదీ, తరవాతి బొమ్మ వెయ్యండి."

గదిలో పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఈసారి ఆశ్చర్యం ఎవరూ పెట్టమనకుండానే వచ్చింది. యాప్ సార్ తన ఫోను మీద టకటకా నాలుగు సార్లు నొక్కాడు.

"నెట్ స్లోగా ఉంది సార్."

మంత్రిగారి మనసు కరిగిపోయింది. "ఇంత మంచి తెరకి స్లో నెట్టా? సిగ్గుచేటు" అని సెక్రటరీగారి వైపు చూశారు. సెక్రటరీగారు గోడ వైపు చూసి, తల వంచి, ఇది తమ శాఖ లోపమేనని ఒప్పుకున్నారు. ఆ వారంలోనే రోడ్డు తవ్వి కేబుల్ లాగారు. ఆ కేబుల్ తెచ్చి, గుండెకి కాస్త పక్కన, గోడకి మేకు కొట్టి తగిలించారు. ఇప్పటికీ ఉంది. కావాలంటే వచ్చి చూసుకోండి, చూడ్డం వచ్చినవాళ్ళు.

పరీక్ష వచ్చింది. పేపరంతా ఒకే ఒక్క ఫోటో మీద. ఉత్తమ ఫోటో ఉండగా వేరే ఫోటో ఎందుకని మా బడి ఫోటోనే అచ్చేశారు. 'చిత్రాన్ని నిశితంగా పరిశీలించి, విద్యార్థులు ఏ సాంకేతిక పరికరం సాయంతో నేర్చుకుంటున్నారో, దానివల్ల కలిగే లాభాలేమిటో రాయండి.' మిగతా ప్రశ్నలన్నీ ఆ పరికరం గురించే.

మా బడి పిల్లలందరూ తెర అని రాసి, లాభాలు వరసగా దంచి బయటికొచ్చారు. నా మేనకోడలు మాత్రం పరిశీలించమన్నారు కదా అని పరిశీలించింది. ఫలితాల్లో ఫెయిలని వచ్చాక పేపరు తెప్పించి చూస్తే ఇలా ఉంది:

'ఈ చిత్రంలో పరికరం ఏదీ లేదు. తెరలాగ కనబడేది గోడ మీద వేసిన బొమ్మ. కిటికీ ఊచల నీడ గోడ మీద మొదలై ఆ తెర మీదుగా అలాగే పోయింది. వెలిగే తెర మీద నీడ అంత నల్లగా పడదు. పిల్లలెవరూ తెర వైపు చూడడం లేదు, ఫోటో తీసే మనిషి వైపు చూస్తున్నారు. రెండో బెంచీ చివర ఉన్నది నేనే. కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను.'

పక్కన ఎర్ర సిరాతో సున్నా. దాని కింద, 'విద్యార్థికి పరిశీలన లేదు.'

మా అక్క ఆ సున్నా చూసి ఏడవలేదు. ఆస్పత్రి చీర మార్చుకోకుండానే నాతో బోర్డు ఆఫీసుకి వచ్చింది. అక్కడ రీవాల్యుయేషన్ మేడమ్ మర్యాదస్తురాలు. పేపరు చదివింది, ఫోటో చూసింది, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"నీడ ఉందండీ" అంది మెల్లగా.

"ఉందిగా మేడమ్. మరి మార్కులు వెయ్యండి" అన్నాను.

"ఎలా వేస్తానండీ? కీలో తెర అని ఉంది."

"మీ కళ్ళకి గోడ అని ఉంది కదా."

"నా కళ్ళు కీలో లేవండీ" అంది ఆవిడ. చాలా బాధగానే అంది.

మా అక్క ముందుకి వంగింది. "అమ్మా, ఆస్పత్రిలో విరిగిన ఎముకని విరగలేదని రాసేవాళ్ళకి ఇస్తారా ఆ సీటు?" అని అడిగింది. మేడమ్ పేపరు మడిచి మా చేతికిచ్చింది. కోర్సు చేరికలు ఈ నెలాఖరుకి అయిపోతాయని మాత్రం చెప్పింది.

మేము మెట్లు దిగుతుండగానే ఫోను. యాప్ సార్. ఉత్తమ ఫోటోలో బాగా ఆశ్చర్యపడిన అమ్మాయికి మంత్రిగారి చేతుల మీదుగా 'చూపున్న బిడ్డ' అవార్డు అట. పోస్టర్లు కూడా వేయించేశారట. నా మేనకోడలి మొహం, బస్సు అంత పెద్దది. ఆ అమ్మాయే మీ పరీక్షలో ఫెయిలైంది సార్ అని చెప్పాను. "ఫెయిలైన వాళ్ళని స్టేజీ ఎక్కించే ప్రొవిజన్ లేదండీ, మీరేం టెన్షన్ పడకండి, నేను అడ్జస్ట్ చేస్తాను" అన్నాడు.

అడ్జస్ట్ చేశాడు. సభకి నేనూ, అక్కా, మేనకోడలూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాం. స్టేజీ వెనక గోడంతా నా మేనకోడలి మొహం, రెండు జడలు, కుడి కనుబొమ మీద చిన్నప్పుడు పడిన గాటు. దాని ముందుకి, 'ఈ చిత్రంలోని చిన్నారి' అని మైకులో పిలవగానే, యాప్ సార్ బావమరిది కూతురు నడిచి వచ్చింది. పొట్టి జుట్టు, సోడాబుడ్డి కళ్ళజోడు, మా పిల్లకంటే జానెడు పొడుగు. మంత్రిగారు ఆ పిల్లని పోస్టరుకి ఆనించి నిలబెట్టారు. పోస్టరు వైపు చూశారు, పిల్ల వైపు చూశారు, "అదే నవ్వు" అన్నారు. సెక్రటరీగారు అవునన్నారు. హెడ్మాస్టరుగారు ఏడాదంతా తను రోజూ డైరెక్షను ఇచ్చిన మొహం ఎదురుగా ఉండగా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సభంతా కొట్టింది. పత్రికలవాళ్ళు ఫోటో తీశారు. ఒక్కసారికే అప్‌లోడ్ అయింది.

మా అక్క కూతురు నా చెవిలో, "పాపం ఆ అమ్మాయికి చెమటలు పడుతున్నాయి మామయ్యా, భయపడుతోంది" అంది. ఆ హాలు మొత్తమ్మీద అది చూసింది ఆ ఫెయిలైన పిల్ల ఒక్కతే.

చాలు. ఇక నాకు మీ సంతాపాలూ వద్దు, విచారణ కమిటీలూ వద్దు. నెలాఖరుకి ఇంకా టైముంది. ఆ కీ చించి పారెయ్యండి. పేపరు దిద్దే ప్రతి మనిషినీ ముందు ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యి పెట్టించి, అప్పుడు దిద్దించండి. పాఠం చెప్పినందుకు లెక్కల మేడమ్‌కి ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోండి. దుప్పట్ల కింద ఉన్న తెరలు బయటికి తీసి ఆవిడ చేతికివ్వండి, ఫోటో అడక్కండి. ఆ పిల్ల సీటు ఆ పిల్లకి ఇవ్వండి. సోమవారం పొద్దున్న బోర్డు ఆఫీసు తలుపు తీసేసరికి మేము ముగ్గురం అక్కడే ఉంటాం, ఆర్డరు చేతికి వచ్చేదాకా మెట్ల మీంచి లేవం.