మంత్రిగారు వచ్చిన తొవ్వ

"భూగర్భమున నిద్రించుచున్న మన ఘన చరిత్రను మేల్కొలిపి, ప్రజల ముంగిట నిలుపుటకు ప్రభుత్వం కంకణం కట్టుకున్నది! గౌరవనీయ మంత్రివర్యులు వచ్చే సోమవారం స్వయంగా ఎర్రమడుగు విచ్చేయుచున్నారు!"

జీపులో కూర్చుని మైకులో ఈ మాటలు చెప్పినవాడు పౌరసంబంధాల శాఖ లక్ష్మీరాజం. కరీంనగర్ జిల్లా మొత్తంలో 'విచ్చేయుచున్నారు' అని అంత స్పష్టంగా పలికేవాడు ఇంకొకడు లేడని ఆఫీసులో పేరు. చిన్న మొత్తాల పొదుపు గురించి చెప్పేటప్పుడు మైకు ముందే ఆవులించేవాడు. ఈ ప్రకటన మాత్రం మనసారా చేశాడు.

కారణం ఎర్రమడుగు పాటిగడ్డ. ఎప్పుడో కూలిపోయిన ఊరు మట్టి కప్పుకుని దిబ్బగా మిగిలిన చోటది. పురావస్తు శాఖ యెషయా గారు అక్కడ తవ్వుతుంటే, వార్త రాసుకుందామని లక్ష్మీరాజం వెళ్ళాడు. ఆ పూటే మట్టిలోంచి పగిలిన కాగు ఒకటి బయటపడింది. లోపల నల్లగా మాడిన జొన్నలు.

"రెండు వేల ఏండ్ల కింద ఎవరో అవ్వ దాసుకున్నయి," అన్నారు యెషయా గారు.

లక్ష్మీరాజం వంగి ఒక గింజను అరచేతిలోకి తీసుకున్నాడు. ఇది జిల్లా అంతా చూడాలనుకున్నాడు. పై ఆఫీసుకు తనే రాశాడు. పై ఆఫీసు మంత్రిగారికి చెప్పింది. మంత్రిగారు సంతోషించి వస్తానన్నారు.

"వస్తరు సరే, ఎట్లొస్తరు?" అన్నాడు సమితి అధ్యక్షుడు సిద్దిరాములు. ఊరి నుంచి గడ్డ దాకా ఉన్నది బండ్ల బాట. అటూ ఇటూ నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే మనిషే మోకాలి దాకా దిగబడతాడు. "గట్టి మట్టి పోసి రోడ్డెయ్యాలె. ఏడున్నది మట్టి?"

అందరూ నాలుగు దిక్కులూ చూశారు. చివరికి అందరి చూపూ ఒక్క చోటే ఆగింది.

"అది చరిత్ర సార్!" అన్నాడు లక్ష్మీరాజం.

"నేను గాదన్ననా? మంత్రిగారు చరిత్ర మీదికెంచే నడిసొస్తరు. గంతకన్న ఇజ్జత్ ఏముంటది?"

"గడ్డ లేకుంటే ఆయనకేం చూపెడ్తం?"

"తొవ్వ లేకుంటే ఆయనే రాడు. ఆయన రాకుంటే గడ్డ ఎవరికి చూపెడ్తవ్? జర సోంచాయించు."

లక్ష్మీరాజం సోంచాయించాడు. యెషయా గారేమో ఫోటోలు కడిగించుకురావడానికి హైదరాబాదు వెళ్ళి ఉన్నారు. మర్నాడు బండ్లు వరసగా మట్టి తోలుతుంటే లక్ష్మీరాజం జీపును అడ్డంగా పెట్టి, చరిత్రను కాపాడండని మైకులో వేడుకున్నాడు. బండ్లవాళ్ళు ఎడ్లను ఆపి, మాటలన్నీ మర్యాదగా విన్నారు. "మంచిగ చెప్పిండు," అనుకుని జీపును చుట్టి వెళ్ళిపోయారు. మంత్రిగారి పనికి అడ్డం పడ్డావని పైకి రాయమంటావా అని సిద్దిరాములు అడిగాక జీపు పక్కకు జరిగింది. లక్ష్మీరాజం దిగకుండా ఆ కాగు పెంకులు ఏ బండిలో పోతున్నాయోనని చూస్తూ కూర్చున్నాడు.

సోమవారానికి రోడ్డు పూర్తయింది. గడ్డ కూడా పూర్తయింది.

మంత్రిగారి కారు కుదుపు లేకుండా వచ్చి ఆగింది. అదే సమయానికి బస్సు దిగి, ఫోటోల కవరు చంకలో పెట్టుకుని యెషయా గారూ వచ్చారు. గడ్డ ఉండాల్సిన చోట ఆకాశం కనబడేసరికి ఆయన నిలబడిపోయారు.

"ఏదీ తవ్వకం?" అన్నారు మంత్రిగారు.

మంత్రిగారు తల దించి చూశారు. రోడ్డు నిండా ఎర్రటి, నల్లటి కుండ పెంకులు, పూసలు, పాత ఇటుక ముక్కలు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అంటే... రెండు వేల ఏళ్ళ కిందటే మనవాళ్ళు ఇంత చక్కటి రోడ్డు వేశారా?"

"ఏసిన్రు సార్," అన్నాడు సిద్దిరాములు.

"సార్, గిది పోయిన వారం ఏసింది!" యెషయా గారు అరిచినంత పని చేశారు.

మంత్రిగారు ఆయన భుజం తట్టారు. "విన్నారా? శాస్త్రజ్ఞులే అంటున్నారు, పోయిన వారం వేసినట్టున్నదని! అదీ మన పూర్వీకుల పనితనం!"

చప్పట్లు మోగాయి. నిజం చెప్పేద్దామని లక్ష్మీరాజం మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. అది కుయ్యిమంది. మంత్రిగారు అందుకున్నారు. "ఈ అమూల్య రహదారి రక్షిత కట్టడం. ఈ క్షణం నుంచి దీనిమీద ఒక్క చక్రం, ఒక్క పాదం పడరాదు!"

అన్న తర్వాత తన పాదాలు ఎక్కడున్నాయో ఆయనకు తట్టింది. ఒక్క గంతులో పక్కనున్న జొన్నచేన్లోకి దూకారు. వెనకాలే అధికారులంతా దూకారు. కారును కూడా చేన్లోకే దించారు.

ఆ చేను పోశవ్వది. ఏడాది పొడుగునా ఆమె తినేది ఆ జొన్నలే. వెన్ను పట్టిన జొన్న కారు కింద పటపటమంటుంటే పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"సారూ, తొవ్వ మీద నడవొద్దంటిరి. మరి తొవ్వ చూడనీకి వచ్చెటోల్లు నా చేన్లకెంచి వస్తరా?"

మంత్రిగారు చలించిపోయారు. "ఎంత లోతైన ప్రశ్న! సామాన్య ప్రజల్లో పురావస్తు చైతన్యం ఇంతగా ఉందని నాకు తెలియదు. నోట్ చేసుకోండి." అని ఆమెకు దండం పెట్టి, మిగిలిన చేను మీదుగా కరీంనగర్ వెళ్ళిపోయారు.

రెండు రోజులకే సర్వేయర్ కొలత గొలుసుతో ఆ చేన్లోకి దిగాడు. పురాతన రహదారిని చూడటానికి కొత్త రహదారి మంజూరైందట. లక్ష్మీరాజం వెళ్ళేసరికి పోశవ్వ విరిగిన వెన్నుల్ని ఏరి ఒళ్ళో వేసుకుంటున్నది.

"అవ్వా, గొలుసు ఆ కొస జర పట్టుకో," అన్నాడు సర్వేయర్.

ఆమె తలెత్తలేదు. లక్ష్మీరాజమే వంగి ఆ కొస పట్టుకుని, చేను అంచు మీద, వీలైనంత అంచు మీద నిలబడ్డాడు.

"గంత అంచుకైతే ఎట్ల సార్?" అన్నాడు సర్వేయర్. "ఇంకా లోపల్కి రాండ్రి. మంత్రిగారి కారు పెద్దది."