గోడ బయట ఒక పాయింటు

నాగరికత అంటే మరేమీ కాదు, తన సొంత గోడకు మేకు కొట్టబోయే మనిషి ఒక్క క్షణం ఆగి, ఎవరినైనా అడగాలేమో అనుకోవడమే. ఆ లెక్కన మనం ఇప్పుడు నాగరికత శిఖరం మీద ఉన్నాం. (దిగాలన్నా అనుమతి కావాలి.)

సంగతి చిన్నదే. మా ఆవిడ వసారాలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. లోపల గదుల్లో వెలుతురు చాలక, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చికిలించలేక, మిషనును బయటికి తెచ్చుకుంది. మిషనుకు మోటారుంది, మోటారుకు కరెంటు కావాలి, వసారాలో ప్లగ్గు లేదు. వసారా కప్పు ఆగిపోయిన చోట మా వంటింటి కిటికీ మొదలవుతుంది. వంటింటి ప్లగ్గు నుంచి ఒక వైరు ఆ కిటికీలోంచి బయటికొచ్చి, మలుపు తిరిగి మిషను దాకా వెళుతుంది. వైరుంది కాబట్టి కిటికీ మూతపడదు. మూతపడదు కాబట్టి పిల్లి వస్తుంది, ఈగలు వస్తాయి, మొన్నయితే జల్లు కొట్టి పొయ్యి ఆరిపోయింది. మా అమ్మ వంట చేస్తూ కిటికీని, కోడలిని, నన్ను వరసగా చూస్తుంది. చూపు నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది.

"వానలు మొదలయ్యేలోపు ఆ కిటికీ మూసే దారి చూడండి. లేదంటే నేను మిషను మూసేస్తాను," అంది మా ఆవిడ ఒకరోజు. ఆవిడ మిషను మూస్తే ఇల్లెలా నడుస్తుందో నాకు బాగా తెలుసు. నడవదు.

"అదెంత పని," అన్నాను. (మగవాళ్లు తలపెట్టిన మహత్కార్యాలన్నీ ఈ మాటతోనే మొదలయ్యాయి. చాలావరకు ఇంకా జరుగుతూనే ఉన్నాయి.)

నిజంగానే ఎంత పని? వంటింటికీ వసారాకూ మధ్య జానెడు గోడ. ఒక కన్నం, ఒక పెట్టె, వాన పడకుండా మూత ఉన్న ప్లగ్గు. సామానంతా కొనుక్కొచ్చాను. ఎందుకైనా మంచిదని ఫోన్లో 'మీ ఇల్లు, మీ కరెంటు' అనే యాప్‌ని అడిగాను, ఇంటి యజమాని తన ఇంటి బయట ప్లగ్గు తానే పెట్టుకోవచ్చా అని. కన్ను మూసి తెరిచేలోగా జవాబొచ్చింది. నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చట. అభ్యంతరాల కోసం కార్యాలయాన్ని సంప్రదించాలట.

సంప్రదించాను. దాని పేరు గృహ విద్యుత్ బిందువుల క్రమబద్ధీకరణ కార్యాలయం. (బిందువంటే కంగారు పడకండి, మనం పాయింటు అనేదే.) అక్కడి గుమస్తా ఒక కళ్లజోడు ముక్కు మీద, ఇంకొకటి నుదుటి మీద పెట్టుకుని ఉంటాడు. ముక్కు మీదిది మనుషులకు, నుదుటి మీదిది రూళ్లకు. ముక్కు మీదిది వాడగా నేనెక్కువగా చూడలేదు.

మీ పాయింటేమిటని అడిగాడు. వసారాలో పాయింటండీ అన్నాను. అది సరే, అందులో మీ పాయింటేమిటి అన్నాడు. ఇలా కొంతసేపు ఒకరి పాయింటు ఇంకొకరికి అందక అవస్థ పడ్డాక, అసలు వసారా లోపలా బయటా అన్న చోటికి వచ్చాం. పైన కప్పుంది కాబట్టి లోపల. ముందు గోడ లేదు కాబట్టి బయట. జల్లు కొడితే తడుస్తుందా అని అడిగితే, సగం తడుస్తుందని నిజం చెప్పాను. 'సగం బయట' అని రాసుకున్నాడు. సగం బయటకు ప్రత్యేకంగా రూలు లేదు కనుక రెండు రూళ్లూ వర్తిస్తాయన్నాడు. బయటి పాయింటు పిల్లలకు అందకూడదు. లోపలి పాయింటు ఇంట్లో అందరికీ అందాలి. అందరికీ అందేలా, పిల్లలకు అందకుండా పెడతానని హామీ రాసిచ్చాను. (మాకు పిల్లలు లేరు. ఆ ముక్క చెబితే ఇంకో కౌంటరుకు తోలుతారని నోరు మెదపలేదు.)

ఆ తర్వాత ఇంటి కాగితాలు అడిగాడు. అవి చదివి, రెండు కళ్లజోళ్లూ తీసేసి, ఉత్త కళ్లతో నన్ను చూశాడు.

"ఇల్లు మీ మిసెస్ పేరు మీదుంది. తానే పెట్టుకోవచ్చని రూలు చెప్పింది యజమానికి సార్, మీక్కాదు."

"నేను ఆవిడ భర్తనండీ."

"భర్త అనే కేటగిరీ లేదు సార్. యజమాని, లైసెన్సున్న ఎలక్ట్రీషియను, బయటి వ్యక్తి. ఈ మూడే."

అలా నేను బయటి వ్యక్తినయ్యాను. వసారాలాగా సగం కూడా కాదు, పూర్తిగా బయట. పోనీ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలుద్దామా అంటే, బెంచీ మీద నా పక్కన కునికిపాట్లు పడుతున్నది ఆయనే. లైసెన్సు రెన్యువల్ కోసం వచ్చి అక్కడే ఉండిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక మిషను ఆపేసింది. మా పెళ్లయిన ఇన్నాళ్లకు మా అమ్మ మొదటిసారి కోడలితో కలిసి నవ్వింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చావు కదరా అని నన్ను మాత్రం తిట్టింది. ఆ మధ్యాహ్నమే మా ఆవిడ మెయిన్ ఆపి, కొంగు బిగించి, ఉలీ సుత్తీ అందుకుంది. బయటి వ్యక్తి పనికి చేయి చాపినా అందనంత దూరంలో ఉండాలని రూలు కాబట్టి నేను గుమ్మం దగ్గర నిలబడి సలహాలిచ్చాను. ఆవిడ ఒక్కటీ వినలేదు. అందుకే ప్లగ్గు నిటారుగా, ముచ్చటగా కూర్చుంది. నాకు నిజంగా గర్వమేసింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పట్టపగలు టార్చిలైటు వేసుకుని ప్లగ్గును పైనుంచి, కిందనుంచి, గోడకు చెంప ఆనించి చూశాడు. తప్పు పట్టడానికేం లేదమ్మా అన్నాడు, బాధగా. మంజూరైనట్టేనా అని అడిగింది మా ఆవిడ.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదమ్మా."

పెద్దాయన సామెత చెబుతున్నాడని నేను భక్తిగా తలాడించాను. అది సామెత కాదు, ఉపనిబంధన. లోపలి పాయింట్లన్నీ పాసైతే తప్ప బయటి పాయింటు మంజూరు కాదు. టార్చిలైటు లోపలికి కదిలింది. ముందుగదిలో ప్లగ్గు ఒక పక్కకు ఒరిగి ఉంది. అశ్రద్ధ అని రాసి, దాని మీద ఎర్ర కాగితం సీలు అంటించాడు. పడకగది ప్లగ్గు బీరువా వెనకాల ఉంది, కనపడలేదు. పరారీ అని రాసి, బీరువాకు అంటించాడు. వంటింటి ప్లగ్గు దగ్గర వైరు చూసి, కరెంటును కిటికీలోంచి బయటికి పంపుతున్నారా అని అడిగి, దుర్వినియోగం అని రాసి, దానికీ సీలు వేశాడు. సీలు తెంపితే కేసవుతుందని మాత్రం ఎంతో మర్యాదగా చెప్పాడు.

లోపలివన్నీ ఓడిపోయాక ఇక బయటిదాని సంగతేమిటని మా ఆవిడ అడిగింది. ఇంకా కుట్టాల్సిన యూనిఫారాల గుట్ట చూపించింది. ఇన్‌స్పెక్టరు కూడా కొంచెం కరిగాడు. చాలాసేపు ఆలోచించి, ఒక్కసారిగా ముఖం వెలిగిపోతూ అన్నాడు:

"సీలు వేశాక అవి పాయింట్లు కావు. అంటే లోపల ఓడిపోవడానికి ఇక ఒక్క పాయింటూ లేదు. ఇంట గెలిచినట్టే కదమ్మా."

అక్కడికక్కడే సంతకం పెట్టాడు. మేమందరం ఆనందంతో ఒకరినొకరం అభినందించుకున్నాం. లోపలి పాయింట్లు మళ్లీ తెరవాలంటే లోపలి బిందువుల కార్యాలయానికి వెళ్లాలట. అది వానలు తగ్గాక తెరుస్తారట. ఆ ఆఫీసు కప్పు కురుస్తుందట.

ఇప్పుడు మా ఇంటి మొత్తానికీ పనిచేసే ప్లగ్గు వసారాలో ఉన్నది ఒక్కటే. మిషనుకు పోగా, ఫ్రిజ్జుకూ, ఫోన్లకూ, ఇస్త్రీపెట్టెకూ కరెంటు అక్కడి నుంచే రావాలి. వైరు వసారాలో బయలుదేరి, మలుపు తిరిగి, వంటింటి కిటికీలోంచి లోపలికి వస్తోంది. ఇది మళ్లీ దుర్వినియోగం కాదు కదా అని ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి అడిగాం. లోపలికి వచ్చేదైతే సద్వినియోగమేనన్నాడు.

నిన్న వాన మొదలైంది. వసారాలో గోడ పక్కన మిషను పొడిగా, ఎంతో హాయిగా నడుస్తోంది. వంటింట్లో మా అమ్మ వంట చేస్తుంటే నేను వెనకాల నిలబడి ఆమెకూ పొయ్యికీ కలిపి గొడుగు పడుతున్నాను. ఇంట్లో గొడుగు పట్టుకోవడానికి, నేను వాకబు చేసినంతవరకు, ప్రస్తుతానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.