కోతపండుగలో ఫ్లాపీ వేలం

శనివారం పొద్దున డేవిడ్‌రాజు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆత్మకూరు నుంచి మొదటి బస్సుకు నెల్లూరు పోవాలి. చెడిపోయిన హార్డ్‌డిస్కును బాగు చేయించుకోవాలి. అన్నం వేళకు తిరిగొచ్చి, దాన్ని కంప్యూటర్లో బిగించి, ఏమీ జరగనట్టు కూర్చోవాలి. తప్పు చేసినవాళ్ళ ప్లాన్లన్నీ ఇలాగే ఉంటాయి. చివర్లో 'ఏమీ జరగనట్టు' అన్న మాట తప్పకుండా వస్తుంది.

డిస్కును తువ్వాలులో చుట్టి టిఫిన్ క్యారియర్లో పెట్టుకున్నాడు. భార్య సుజన అది చూసింది.

"క్యారియర్ యాడికండీ? నేనింకా ఏమీ వండలేదే."

"నెల్లూరులో కొనుక్కుంటాలే."

"కొనుక్కునేదానికి ఇంట్లో గిన్నె ఎందుకు?"

"హోటళ్ళలో గిన్నెలు సరిగ్గా కడగరు" అనేసి బస్టాండు దారి పట్టాడు. తిన్న పళ్ళెంలోనే చేయి కడిగే మనిషి శుభ్రం గురించి మాట్లాడేసరికి సుజన కాసేపు గడపలోనే నిలబడిపోయింది.

ఆ డిస్కులో డేవిడ్‌రాజు డీటీపీ సెంటర్ సరంజామా అంతా ఉంది. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఓడిపోయిన అభ్యర్థుల విజ్ఞప్తులు. అవి పోతే లోకానికి వచ్చిన నష్టం లేదు. కానీ వాటితో పాటు రాహేలమ్మ పాటలు కూడా ఉన్నాయి.

రాహేలమ్మ డేవిడ్‌రాజుకు నాయనమ్మ. ఉదయగిరిలో ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు బైబిలు స్త్రీగా కొండ కింది పల్లెలన్నీ కాలినడకన తిరిగి సువార్త చెప్పిన మనిషి. నడుస్తూ నడుస్తూ సొంతంగా పాటలు కట్టింది. ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు, అన్నీ నోటిమీదే ఉంచుకుంది. కళ్ళు పోయినా ఆమె దిగులు పడలేదు. నిరుడు ఎండాకాలం జ్వరం వచ్చి తగ్గాక పాట మధ్యలో తడుముకోవడం మొదలైంది. అప్పుడు మాత్రం భయపడింది. శనివారం శనివారం ఎవరినో ఒకరిని తోడు పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కి వచ్చి, మనవడి సెంటర్లో స్టూలు మీద కూర్చుని, గుర్తున్నంతవరకూ పాడింది. డేవిడ్‌రాజు టైపు చేశాడు. ఆఖరి పాట అయిపోయిన రోజు ఆమె మానిటరును తడిమి చూసింది.

"ఇంక నేను మరిచిపోయినా పరవాలేదు గదా నాయనా?"

"నువ్వు మరిచిపోయినా ఇది మరిచిపోదు అవ్వా" అన్నాడు డేవిడ్‌రాజు.

ఆ రోజే కాగితం మీద ఒక ప్రూఫు తీసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. టోనరు దండగ, అవ్వకెటూ కనపడదు, పుస్తకం వేసేటప్పుడు చూసుకుందాంలే అనుకున్నాడు. ఒక ఫ్లాపీలోకి కాపీ మాత్రం తీశాడు. దానిమీద చీటీ అంటించి, 'రాహేలమ్మ కీర్తనలు' అని రాసి సొరుగులో పడేశాడు. అవ్వ కోసం అతను పడిన కష్టం అంతటితో సరి.

తర్వాత పెంచలప్రసాద్ వచ్చాడు. డేవిడ్‌రాజుతో కలిసి నెల్లూరులో కంప్యూటర్ నేర్చుకున్నవాడు, ఇప్పుడు కలిగిరిలో ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. వస్తూ ఒక గేము తెచ్చిచ్చాడు. పేకాట. అవతల ఒక దొరసాని కూర్చుని ఉంటుంది. ఓడినప్పుడల్లా ఒంటిమీది వాటిలో ఒకటి తీసి పక్కన పెడుతుంది. కొంతదూరం పోయాక ఆట మర్యాదగా ఆగిపోతుంది. ఆ మర్యాదను పీకి పారేసే చిన్న ఫైలు ఇంకొకటి ఉంది, దాన్ని ప్యాచ్ అంటారు. ప్యాచ్ కలిపితే ముక్కలు పంచే శ్రమ కూడా లేదు, దొరసాని తనంతట తనే మొదలుపెట్టి చివరిదాకా పోతుంది. డేవిడ్‌రాజు కలిపాడు. దొరసాని ఒక చెవి కమ్మ తీసి, రెండో కమ్మమీద చేయి వేసి, అలాగే బిగుసుకుపోయింది.

ఆ రెండో కమ్మ కోసం డేవిడ్‌రాజు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. సెటింగులు మార్చాడు. ఫైళ్ళ పేర్లు మార్చాడు. బిగుసుకున్నప్పుడల్లా కోపమొచ్చి ఠపీమని కరెంటు స్విచ్చే ఆర్పేశాడు. పెళ్ళిపత్రికల వాళ్ళు వస్తే "సిస్టంలో వైరస్ ఉండాది, రేపు రండి" అని పంపించాడు. ఎస్టీడీ బూతుకు పోయి కలిగిరికి ఫోన్ కొట్టాడు.

"నా దాంట్లో బాగానే ఆడతా ఉండాదే!" అన్నాడు పెంచలప్రసాద్. "నీ దాంట్లో మెమరీ చాలడంల్యా. ఖాళీ ఫ్లాపీ తీసుకుని, దాంతోనే కంప్యూటర్ లేచేట్టు చెయ్. గేమూ దాంట్లోనే పెట్టు. స్విచ్చేస్తే నేరుగా దొరసానే రావాల."

ఖాళీ ఫ్లాపీ కావాలంటే నెల్లూరు పోవాలి. సొరుగు తీస్తే ఒకటి కనిపించింది. పాటలు ఎటూ హార్డ్‌డిస్కులో ఉన్నాయి కదా అనుకున్నాడు, ఫ్లాపీని శుభ్రంగా తుడిచి దొరసానిని ఎక్కించాడు. పైనున్న చీటీ పీకలేదు. పీకకపోగా, ఎవరూ తాకకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి చీటీ దొరకదని మురిసిపోయాడు.

దొరసాని మళ్ళీ రెండో కమ్మ దగ్గరే ఆగింది. డేవిడ్‌రాజు మళ్ళీ స్విచ్చి ఆర్పాడు. తిరిగి వేస్తే హార్డ్‌డిస్కు కరకరమని కాసేపు మూలిగి ఊరుకుంది. దానికదే ఆఖరి మాట.

నెల్లూరు మెకానిక్ డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"లోపల ప్లేట్లు గీసకపోయినాయి సార్. ఏం చేసినా రాదు. ఏముండాయి దాంట్లో?"

"పాటలు."

"పాటలేనా? దానికింత దిగులెందుకు సార్, క్యాసెట్టు కొనుక్కోండి."

డేవిడ్‌రాజు సాయంత్రానికి ఇల్లు చేరాడు. సుజన ముఖం వెలిగిపోతోంది.

"అవ్వ వచ్చిపోయిందండీ. రేపు ఉదయగిరి గుడిలో కోతపండుగ గదా. అందరూ పంటలో మొదటిది తెచ్చి దేవుడికిస్తారు, నాకు పొలమా గొడ్డా, నా పంట నా పాటలే, అవి పెట్టిన డబ్బా ఇయ్యి అనింది. మీ సొరుగులో పేరు రాసి పెట్టుండారే, అది ఇచ్చి పంపినా."

డేవిడ్‌రాజు క్యారియర్ కింద పెట్టాడు. పెట్టానని అనుకున్నాడుగానీ అది అంతకుముందే చేతిలోంచి జారిపోయింది.

ఆదివారం ఉదయగిరి చేరేసరికి చర్చిలో ఆరాధన సగమైంది. బల్లమీద గుమ్మడికాయలు, సజ్జ కంకులు, కాళ్ళు కట్టేసిన పుంజు. వాటి మధ్య ఒక పళ్ళెంలో, ఉతికిన చేతిరుమాలు మీద, ఫ్లాపీ. ముందు వరసలో కూర్చున్న రాహేలమ్మ పక్కన చేరి చెవిలో చెప్పాడు.

"అవ్వా, ఆ ఫ్లాపీలో చిన్న మరమ్మతు ఉండాది. ఒకసారి తీసకపోయి మళ్ళా తెస్తా."

"దేవుడికి ఇచ్చినదాన్ని యెనక్కి తీసుకుంటార్రా?" అంది రాహేలమ్మ, మూడు వరసలకు వినపడేట్టు.

మిగిలింది ఒకటే దారి. కోతపండుగలో అర్పించినవన్నీ ఆరాధన అయ్యాక గుడిలోనే వేలం వేస్తారు. పాడి దక్కించుకుంటే ఫ్లాపీ తనదే అవుతుంది. పిల్లలు భోజనాల పందిరి వైపు పరుగెత్తారు. పాస్టరుగారు గుమ్మడికాయలు వేశారు, పుంజును వేశారు, ఒక ముసలి మేకపోతును వేశారు. తర్వాత పళ్ళెం ఎత్తి పట్టుకున్నారు.

డేవిడ్‌రాజు గుమ్మడికాయ ధరతో మొదలుపెట్టాడు. ఎవరూ పోటీకి రాకపోతే అంతటితో తెమిలేది. కానీ వెనక నుంచి రాజమోహన్ లేచాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, సంఘ కార్యదర్శి. రాహేలమ్మ పంట గుమ్మడికాయ ధరకు పోవడం ఆయనకు అవమానంగా తోచింది. పుంజు ధర పాడాడు. డేవిడ్‌రాజు దాన్ని దాటించాడు. రాజమోహన్ మేకపోతు దగ్గరికి వచ్చాడు. డేవిడ్‌రాజు మేకపోతునూ దాటించాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

"మనవడంటే అట్టుండాల" అన్నారెవరో.

డేవిడ్‌రాజు చేతి గడియారం కూడా విప్పి పళ్ళెంలో పెట్టాక రాజమోహన్ తగ్గాడు. పాస్టరుగారు మూడోసారి అన్నారు. ఫ్లాపీ డేవిడ్‌రాజు చేతికొచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి ఇంకా బయటికి రాకముందే రాజమోహన్ మైకు అందుకున్నాడు.

"ఇంత ఆసక్తితో పాడుకున్న మనవడు ఆ పాటలు మనకు చూపకుండా పోతాడా? దేవుని చిత్తం చూడండి, కంప్యూటర్ కూడా ఈడే ఉండాది!"

నిజంగానే ఉంది. ఉదయగిరిలో కొత్త బ్రాంచి పెట్టబోతున్న పెంచలప్రసాద్, పండుగ జనానికి చూపించుకోవడానికి తన పాత మాస్టారైన రాజమోహన్ దగ్గర అనుమతి తీసుకుని, రంగుల మానిటరుతో సహా తెచ్చి గుడి మూలన బల్లమీద పెట్టుకున్నాడు.

"ఫ్లాపీ పాడైనట్టుండాది మాస్టారూ" అన్నాడు డేవిడ్‌రాజు.

"పాడైనదానికి మేకపోతు ధర పెడతారంట్రా?" అన్నాడు రాజమోహన్.

రాహేలమ్మ చేయి చాచి మనవడి చొక్కా పట్టుకుంది. "ఒక్క పాట చదివిచ్చు నాయనా. ఈ మధ్య ఒక్కటి కూడా చివరిదాకా రావడంల్యా నాకు. ఒక్కటి వింటే చాలు."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. డేవిడ్‌రాజు నోరు తెరిచాడు కూడా. ఎదురుగా గుడినిండా జనం, తన భక్తికి తడిసిన కళ్ళతో. నోరు మూసుకుని, ఫ్లాపీ తీసి పెంచలప్రసాద్ చేతిలో పెట్టాడు. కరెంటు పోవాలని మాత్రం మనసారా ప్రార్థన చేశాడు. ఏ ఆదివారమూ పగలు కరెంటు ఉండని ఉదయగిరిలో ఆ ఆదివారం అది రెప్పైనా వేయలేదు.

పెంచలప్రసాద్ చీటీ చదివి, భక్తిగా ఫ్లాపీ దూర్చి, స్విచ్చి వేశాడు. నేరుగా దొరసానే వచ్చింది. నవ్వింది. ఒక కమ్మ తీసింది. రెండోదానిమీద చేయి వేసింది. డేవిడ్‌రాజు ప్రాణం అక్కడ ఆగింది. ఆత్మకూరులో ఎన్నిసార్లు చూసినా ఇక్కడితో ఆగిపోయేదే, ఇప్పుడూ ఆగుతుందని ఆశ. ఆగలేదు. పెంచలప్రసాద్ మిషన్లో మెమరీ పుష్కలంగా ఉంది.

"రెండో కమ్మ కూడా తీసిందిరా!" అని అరిచాడు డేవిడ్‌రాజు. అన్ని రోజులు పడిన పాటు ఫలించిన సంతోషంలో, ఎక్కడున్నాడో మరిచిపోయి, గుండెల నిండా అరిచాడు.

గుడంతా అతని వైపు తిరిగింది. వెంటనే మళ్ళీ మానిటరు వైపు తిరిగింది, ఎందుకంటే దొరసాని కమ్మలు దాటి చాలా ముందుకు వచ్చేసింది. పెంచలప్రసాద్ కంగారుగా ఒక ప్లగ్గు పీకాడు. మైకు ఆగిపోయింది. ఇంకొకటి పీకాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి. చివరికి రాజమోహన్ తన భుజంమీది కండువా తీసి మానిటరుకు కప్పాడు. దొరసాని ఒంటిమీద మిగిలిన గుడ్డ అదొక్కటే.

ఆ నిశ్శబ్దంలో రాహేలమ్మ గొంతు వినపడింది.

"ఏంది, అందరూ గమ్మునైపోయినారు? నా పాట పడతా ఉండాదా?"

డేవిడ్‌రాజును నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచిన రాజమోహన్ ఆమె వైపు చూసి ఆగాడు.

"పడతా ఉండాది రాహేలమ్మా. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల మాదిరి ఉండాయి."

"అయితే నేనెత్తుకుంటా, మీరు చూసి అందుకోండి" అంది రాహేలమ్మ. నిటారుగా కూర్చుని గొంతు సవరించుకుంది.

"ఎండిన చెలమకు ఊటైతివయ్యా, ఎడారి బాటకు..."

అక్కడ ఆగింది. "ఎడారి బాటకు... తర్వాతేంది నాయనా? దాన్ని చూసి చెప్పు."

ఆ పాటను తన చేతులతో టైపు చేసినవాడు డేవిడ్‌రాజు. మెమరీ ఖాళీ చేసే కమాండ్లన్నీ అతనికి కంఠతా వచ్చు. ఆ లైను మాత్రం రాలేదు. అవ్వ పాడుతుంటే వేళ్ళు ఆడించాడే తప్ప ఒక్కనాడూ వినలేదని అతనికి ఆ క్షణాన తెలిసింది. అంత సిగ్గు దొరసానిని చూసినప్పుడు కూడా కలగలేదు. ఏడుపొచ్చింది.

"అవి లేవవ్వా. పోయినాయి."

"యాడికి పోయినాయి?"

"నేనే తుడిపేసినా."

రాహేలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. చేతిరుమాలు కోసం ఒడిలో వెతుక్కుంది. అది పళ్ళెంలో ఉంది.

"నేను మరిచిపోయినా పరవాలేదంటివే నాయనా" అంది.

అన్నాలు తినకుండానే జనం వెళ్ళిపోయారు. ఉదయగిరిలో బ్రాంచి సంగతి ఆ పూటతో తీరిపోయిందని అందరూ అన్నారు. బస్టాండులో పెంచలప్రసాద్ కంప్యూటర్ పెట్టెలు మోసుకుంటూ డేవిడ్‌రాజు పక్కకు వచ్చాడు. తన కొంప ముంచినందుకు చొక్కా పట్టుకుంటాడేమోనని డేవిడ్‌రాజు ఎదురుచూశాడు, పట్టుకుంటే బాగుండుననిపించింది. పెంచలప్రసాద్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరే, ఆ ఫ్లాపీ ఒక్క పూట ఇస్తావా? నువ్వు చేసిన సెటింగు బ్రహ్మాండంగా ఉండాది. కాపీ తీసుకుని ఇచ్చేస్తా."

రాహేలమ్మ ఆ తర్వాత వచ్చిన వేసవి దాటలేదు. ఆమె పాటలు ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. దొరసాని మాత్రం కలిగిరి నుంచి ఆత్మకూరు దాకా ఎవరిని అడిగినా దొరుకుతుంది, రెండేసి కాపీలు.